జుండెల్ గారి వినయం

జుండెల్ గారి వినయానికి ఊళ్లోని యూదులందరిలో పెద్ద పేరు. అది ఎవరో ఇచ్చిన పేరు కాదు, ఆయనే పనిగట్టుకుని సంపాదించుకున్నాడు. పొద్దున లేవగానే, నిద్రలో తీసుకున్న ప్రాణం తిరిగిచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాడు, పక్కింటి పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేంత గట్టిగా. ప్రార్థనాలయంలో తూర్పు గోడ దగ్గర పెద్దల బల్ల వదిలేసి, గుమ్మం పక్కన బిచ్చగాళ్ల మధ్య కూర్చుంటాడు. వచ్చేపోయే ప్రతివాడి కంటా పడే చోటు అదే మరి.

రొట్టెలు కాల్చి బతికే విధవరాలు ద్వోషెకి ఆయన పేరు వింటేనే ఒళ్లు మండుతుంది. వేసవిలో ఓ శుక్రవారం పొద్దుగూకాక, యూదుల విశ్రాంతి దినం మొదలై నిప్పు ముట్టకూడని వేళ, ఆమె ఇంటి మీద పొగ చూశానని ఆయన నలుగురిలో అన్నాడు. ఆ పొగ వెనకింట్లో తారు కాచే, ఆ నియమం లేని క్రైస్తవుడిది. ఆ సంగతి మర్నాడే తెలిసినా, అన్నమాట వెనక్కి తీసుకోవడానికి ఆయనకి నోరు రాలేదు. శనివారం వంట కూడదు కనక ముందురోజే రొట్టెల పొయ్యి వేడిలో వదిలే భోజనాల కుండలు, అప్పటినుంచీ ద్వోషె పొయ్యిలో పెట్టడానికి ఏ ఇల్లాలూ రావడం లేదు. చలికాలంలోగా కుండలు రాకపోతే ఆమె పొయ్యి మూసి అన్నగారి పంచన చేరాల్సిందే.

ప్రాయశ్చిత్త ఉపవాసానికి ముందురోజు ఊరంతా ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. జుండెల్ ముగ్గురు సాక్షుల్ని వెంటేసుకుని వచ్చాడు.

"చెల్లెమ్మా, తెలిసో తెలియకో నీ మనసు నొప్పించి ఉంటే ఈ పురుగుని క్షమించు."

"ఏం చేశారని?"

"ఏం చేసినా సరే."

"ఆ పొగ సంగతి వీళ్ల ముందు చెప్పండి, క్షమిస్తాను."

రెండోసారీ ఆయన అదే పాట పాడాడు. మూడోసారి దానికి కన్నీళ్లు కలిపాడు. మూడుసార్లు అడిగినా క్షమించకపోతే పాపం అవతలివాళ్లదేనని శాస్త్రం. "మరీ అంత రాతిగుండె ఏమిటి తల్లీ" అంటూ సాక్షులు ఆయన వెంట నడిచారు. ద్వోషె తలుపేసుకుని ఏడ్చింది. అలాంటి మనిషి వల్ల ఏడ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఉపవాసం అయ్యాక వచ్చిన శుక్రవారం మధ్యాహ్నం జుండెల్ భార్య గూటె, మాంసమూ చిక్కుడుగింజలూ నింపిన కుండ పట్టుకుని నడివీధి వెంట వచ్చింది.

"దారి తప్పి వచ్చావా వదినా?" అంది ద్వోషె.

"లేదమ్మా. మూడుసార్లు తల వంచాను, నా భారం తీరింది, దేవుడికెంత రుణపడ్డానో అని ఆయన ఇంటికొచ్చి ఒకటే పొంగిపోవడం. తారువాడి పొగేనని తెలిసీను. ఇదిగో, లోపల పెట్టు. రేపు తీసుకెళ్లడానికి నేను రాను. తినాలంటే ఆయనే వస్తాడు."

శనివారం ప్రార్థన అయ్యాక ఆయన వచ్చాడు. భోజనానికి పిలిచిన అతిథులిద్దరు వెంట ఉన్నారు. ఇళ్లకు వెళ్లేవాళ్లు వింత చూడ్డానికి ఆగారు.

"కుండ" అన్నాడు నేల చూస్తూ.

"నా పొయ్యిలోది మీకు పనికిరాదుగా జుండెల్ గారూ?"

"పనికొస్తుంది."

"అదెలా?"

ఆయన ఏదో గొణిగాడు.

"వీధిలోవాళ్లకి వినబడలేదు."

"ఆ పొగ ద్వోషెది కాదు" అన్నాడు జుండెల్. "నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

ఆయన మొహంలో వినయం మచ్చుకైనా లేదు. ఉన్నదల్లా సిగ్గు. ద్వోషె కుండ తీసి ఆయన చేతుల్లో పెట్టింది.

"క్షమించాను. జాగ్రత్త, కాలుతుంది."