తొక్కి పట్టిన బ్రేకు

వరహాలు డ్రైవరు సీటులో కూర్చుని బ్రేకు తొక్కి పట్టి ఉంది, కారు ఇంటి కింది షెడ్డులోనూ ఉంది, సింహాచలం ఘాటు రోడ్డు మీదా ఉంది, అదెలా కుదిరిందన్న అనుమానమే ఆమెకు రావడం లేదు; ముందు చక్రం పక్కన గోనెపట్టా పరుచుకుని పడుకున్నది కిందటేడు పోయిన తన మొగుడు అప్పలస్వామి అని తెలుసు, తెలిసినా భయం లేదు, కడుపునిండా సంతోషమే ఉంది.

కారు కొన్ననాటి నుంచీ వాళ్ల పద్ధతి ఇదే. బ్రేకు గొట్టంలో చేరిన గాలి తీయడానికి అతను కింద నట్టు విప్పుతూ "తొక్కు" అంటే తొక్కాలి, "పట్టు" అంటే పట్టి ఉంచాలి, "ఒగ్గెయ్" అన్నాకే కాలు తీయాలి, ముందే తీస్తే గొట్టంలోకి గాలి దూరి చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. కడసారి అతను "పట్టు" అన్నాడు, గుండెల్లో ఏదో పట్టేసినట్టుందంటూ లేచి ఇంట్లోకి నడిచాడు. ఆ మూడో మాట ఇంక అనలేదు.

ఇప్పుడు అతను లుంగీకి చేతులు తుడుచుకుంటూ లేస్తాడు. "బ్రేకు ప్యాడ్లు నువ్వే మార్చీసినావేటి?"

అవునంటుంది. ఇన్నాళ్లూ పక్క అద్దంలోంచి చూసి నేర్చుకున్నానంటుంది. జిడ్డు చేత్తో ముట్టుకోలేదు కదా అని అతను ఆరా తీస్తాడు, చక్రాలన్నీ చూసి వస్తూ మోకాలు పట్టుకుని మూలుగుతాడు, పోయాక కూడా మోకాళ్ల నొప్పులేమిటని ఆమె ఎకసెక్కమాడుతుంది. ఈలోగా షెడ్డు గోడ మెల్లగా పక్కకు జరిగి ఆ చోటికి కొండ మలుపు వస్తుంది, ఎక్కడినుంచో సంపెంగల వాసన వస్తుంది, అమ్మ ఏం తింటోంది, మందులు వేసుకుంటోందా అని అతను అడుగుతూనే ఉంటాడు.

అత్త పైడమ్మ దివ్యంగా ఉందని వరహాలు చెబుతుంది. రేపు సింహాచలం అప్పన్న దర్శనానికి కొండెక్కుతానంటోందని, బస్సూ వద్దు ఆటో వద్దు, కొడుకు కారు కోడలు తోలితేనే వస్తానని భీష్మించుకు కూర్చుందని చెబుతుంది. చెబుతూనే మీటరులో వెలుగుతున్న ఎర్ర లైటు చూపిస్తుంది. ప్యాడ్లు అరిగినప్పుడు వెలిగిన లైటు అది, కొత్తవి వేశాక కూడా ఆరడం లేదు, పొద్దున్నుంచీ దాన్ని ఆర్పే బటను నొక్కి నొక్కి వేలు నొప్పెట్టింది.

"దీనికి నా చెయ్యి నచ్చనేదండీ. ఇది ఎలుగుతుంటే మీ యమ్మని ఆ కొండ దించలేను."

"బటను నొక్కితే ఏటవుతాది?"

"మిణుకు మిణుకుమంతాది. ఏలు తీసెస్తాను."

అతను నవ్వుతాడు, బతికుండగా నవ్వినట్టే, భుజాలు కదిలేలా. "పని నిజంగా అయిందా అని అది నిన్నడుగుతంది. జవాబు చెప్పకుండా పారిపోతే ఎలాగ? ఆరిందాకా పట్టు."

వరహాలు బ్రేకు మీది కాలు చూపిస్తుంది. "పట్టడం నాకు రాకేటి. మీరు ఒగ్గెయ్ అననేదు. నాను ఇంకా పట్టుకునే ఉన్నాను."

అతను కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె తల నిమురుతాడు. "ఇంక నాను అనక్కర్లేదే. నీ కాలికే తెలుస్తాది." అని కొండ దారి పట్టుకుని, మోకాలి నొప్పి మరచిపోయినట్టు చకచకా ఎక్కిపోతాడు, కారు ఏటవాలు మీద కదలకుండా నిలబడి ఉంటుంది.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నపు ఎండ షెడ్డులోకి వచ్చేసింది. వరహాలు సీటులోనే కునుకు తీసింది. తాళంచెవి తిప్పి ఉంది, ఇంజను ఆగే ఉంది, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. బటను నొక్కింది. లైటు మిణుకుమంది, మళ్లీ మిణుకుమంది, ఈసారి వేలు తీయలేదు. లైటు ఆరిపోయింది.

అప్పుడు చూసుకుంది, కుడికాలు బ్రేకు మీదే ఉంది. నిద్రలో ఎంతసేపు తొక్కిందో ఏమో, పెడలు గట్టిగా నిలబడి ఉంది, వెంట్రుకవాసి కూడా కిందికి జారలేదు, గొట్టంలో గాలి లేదు.

ఒగ్గెయ్ అని ఎవరూ అనలేదు. వరహాలు మెల్లగా కాలు తీసింది.