ఆవణిలో నిండాల్సిన కుంట

నాలుగో బిందె సగానికి వచ్చేసరికి వీధి పంపు గాలి పీల్చడం మొదలుపెట్టింది. పదిసార్లు కొడితే చెంబెడు నీళ్ళు. నా వెనక ఇంకా పదకొండు బిందెలు వరుసలో ఉన్నాయి. పట్నంలోని ఈ జార్జి టౌన్ సందులోకి తోపుడుబండ్లు రాకముందే నీళ్ళు పట్టుకోవాలి కాబట్టి మాట్లాడకుండా కొడుతూనే ఉన్నాను. ఆ నీళ్ళు రెండంతస్తులు మోసి కమలాంబ గారి వంటింట్లో పెట్టడం నా పొద్దుటి పని.

మూడేళ్ళుగా వాళ్ళింట్లోనే ఉంటున్నాను. ఆమెకు మోకాళ్ళు సహకరించవు. నేను ఇంటిపని చేస్తాను, వాళ్ళు నన్ను దూరవిద్యలో డిగ్రీ చదివిస్తున్నారు. ఆమె భర్త బాలసుందరం గారు ఎండు మిరపకాయల హోల్‌సేల్ వ్యాపారి. మా ఊళ్ళో వాననీటి కుంట తవ్వడానికి యంత్రం పంపింది ఆయనే. మా ఊరు బోడిగుట్టపల్లె, సత్యవేడు దాటాక కొండల్లో ఉంటుంది. బస్సు రాదు. మనుషులకూ గొడ్లకూ కలిపి ఒకటే బోరు.

బిందె ఎత్తుకుని పైకి వచ్చేసరికి హాల్లో మా మేనమామ కాటయ్య కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. కుంట ప్రారంభం గురించి మాట్లాడాలని పిలిపించారట. మామ పంచాయతీ బోరు ఆపరేటరు. పంపుగది తాళంచెవి ఆయన మొలతాటికే ఉంటుంది, స్నానం చేసేటప్పుడు కూడా తీయడు. కుంట పనిలోనూ ఆయనే ముందు. యంత్రం పెద్ద బండల వరకే తవ్వింది. కట్ట పోసింది, అలుగు కట్టింది మావాళ్ళు. ఎండాకాలం మూడు నెలలూ ఇంటికొకరు చొప్పున మట్టి మోశారు. తట్ట ఆనిన చోట మా అమ్మకు నడినెత్తిన వెంట్రుకలు రాలిపోయాయి.

"గురువారం ముహూర్తం, కాటయ్యా," అన్నారు బాలసుందరం గారు. "మా వ్యాపారుల సంఘం ప్రెసిడెంటు వస్తా ఉండాడు. వీడియో తీసేవాళ్ళు గూడా వస్తారు. కుంట నిండుగా ఉండాల."

మామ నవ్వాడు. "ఇంకో రెండు నెలలకు ఐప్పసి నెల వస్తే నిండతాది సామీ. గట్టి వాన ఒక్కటి పడితే చాలు, కొండ మీది నీళ్ళన్నీ దాంట్లోకే."

"ఐప్పసి దాకా ఆగేది ఎట్లప్పా?" అన్నారు కమలాంబ గారు. "ఈ ఆవణి నెల పోతే పెరటాసి. పెరటాసిలో ఎవురన్నా ముహూర్తం పెడతారా? ఖాళీ గుంటలో పసుపు కుంకుమ ఎట్లా వేసేది? మా అంగడి తెరిచిన దినం సరుకు రాకపోతే పక్కంగడి మూటలు అడిగి తెచ్చి పేర్చినాం. ఖాళీ అరలకు హారతి ఇస్తామా?"

"ఆ మూటలు సాయంత్రానికి తిరిగి ఇచ్చేసుంటారు గదమ్మా," అన్నాడు మామ. "నీళ్ళు అట్ల తిరిగి రావు. అయినా యాడనుంచి తెచ్చేది?"

"మీ బోరు ఉండాది గదా," అన్నారు బాలసుందరం గారు. "ట్యాంకర్లు నేను పంపిస్తా. మూడు దినాలు ఆపకుండా మోటారు ఆడిస్తే సరి."

మామ నవ్వు ఆగిపోయింది. "పోయిన ఎండాకాలం జాతరకని ఒక్క పూట ఎక్కువ ఆడిస్తే మోటారు కాలిపోయింది సామీ. పంతొమ్మిది దినాలు ఊరు ఊరంతా అల్లాడింది. ఇప్పుడు దినానికి గంటసేపు నీళ్ళొస్తే ఎక్కువ. కుంట మన్ను చూస్తే ఎండి ఉండాది. పోసిందంతా నాలుగు దినాల్లో తాగేస్తాది."

"నాలుగు దినాలు ఎందుకప్పా, మాకు గురువారం ఒక్క దినం ఉంటే చాలు."

బాలసుందరం గారు వెటకారంగా అనలేదు. ధైర్యం చెబుతున్నట్టు అన్నారు.

"మరి ఊరికి తాగే నీళ్ళు?"

"క్యాన్లు పంపిస్తా. ఇంటికి రెండు."

"గొడ్లు క్యాన్లో మూతి పెట్టవు గదా సామీ."

బాలసుందరం గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఆమా, ఆమా, నిజమే! మాటల్లో నీతో గెలవలేం కాటయ్యా!"

నేను వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను. బిందె ఇంకా చంకలోనే ఉంది. "మోటారు మళ్ళీ కాలిపోతే ఎట్లమ్మా?" అన్నాను.

"అయ్యో, మా విజయకు నోరుందే!" అన్నారు కమలాంబ గారు. "మూడేండ్లకు ఇప్పుడు వినపడింది చూడండి."

భార్యాభర్తలిద్దరూ మళ్ళీ నవ్వారు. నా ముఖం మండిపోయింది. ప్రతి ఇంటికీ వాననీటి గుంట ఉండాలన్న చట్టానికి భయపడి తవ్వించింది ఈ ఇంటి కిందా ఒకటి ఉంది. దాని మీద రాతిపలక పరిచి స్కూటర్లు నిలుపుతారు. వాన పడినప్పుడల్లా మేడ మీది నీళ్ళు మురుగుకాలవలోకి పోవడం మూడేళ్ళుగా చూస్తున్నాను. కింద గుంటలో చుక్క లేదు, పైన హాల్లో మా కుంట నింపడం గురించి మాటలు.

కమలాంబ గారు గొంతు తగ్గించారు. "కాటయ్యా, నీ మేనకోడల్ని మేం పరాయిగా చూస్తా ఉండామా? వచ్చే ఏడాదితో చదువు ముగుస్తాది. ఈ ఒక్క మాట కాదంటావా? తాళంచెవి ఇచ్చేయి. రేపు ట్యాంకర్లతో మనిషిని పంపిస్తాం. నీకు శ్రమ ఉండదు."

పాయసంలో ఇంకొంచెం బెల్లం వేయమన్నంత మెత్తగా అన్నారు. మామ నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన చూపు దించేసుకున్నాడు.

చొక్కా ఎత్తి మొలతాడు ముడి విప్పబోయాడు. ఏళ్ళ చెమటకు బిగిసిపోయి ముడి రాలేదు.

"దీనికేనా ఇంత అవస్థ!" అని కమలాంబ గారు పక్కనున్న పూలబుట్టలోంచి కత్తెర తీసి ఆయన చేతిలో పెట్టారు.

మావైపు మగవాడి మొలతాడు తెంచేది ఒక్క చావునాడే. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు, వాళ్ళదీ మా వైపే. నెలా, వారమూ, ఘడియా చూసే ఆ ఇంట్లో ఎవరూ వద్దనలేదు. మామ ఒక్క క్షణం కత్తెరను చూసి తాడు కత్తిరించాడు. తాళంచెవిని తాడుతో సహా టీపాయ్ మీద పెట్టాడు.

ఆ తర్వాత ఆయనకు వంటింట్లో ఆకు వేసి ఇడ్లీ పెట్టారు. వాళ్ళు మర్యాద తప్పే మనుషులు కాదు. నేను గ్లాసులో నీళ్ళు పోశాను. మామ తాగలేదు. ఇడ్లీ తుంచి చేత్తోనే పట్టుకుని కూర్చున్నాడు.

"విజయా, ఇంకో బిందె తెచ్చేయి. ఆలస్యమైతే పంపు నిలిచిపోతాది," అన్నారు కమలాంబ గారు.

ఖాళీ బిందె తీసుకుని హాల్లోకి వచ్చాను. బాలసుందరం గారు కిటికీ వైపు తిరిగి వీడియో వాళ్ళతో ఫోనులో మాట్లాడుతున్నారు. కుంట నీళ్ళలో కొండ నీడ పడాలట. తాళంచెవీ, తెగిన తాడూ తీసి చున్నీ కొసన ముడివేశాను. మామ అందరి ముందు తన చేత్తోనే ఇచ్చాడు, ఇక ఆయన్ని ఎవరూ ఏమీ అనలేరు. వీళ్ళు పంపుగది తాళం పగలగొట్టాలనుకుంటే మా ఊరి నడుమ, మా అమ్మ చూస్తుండగా పగలగొట్టుకోవాలి.

తలెత్తితే వంటింట్లోంచి మామ నన్నే చూస్తున్నాడు. మళ్ళీ ఆకు వైపు తిరిగి చేతిలోని ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

మాధవరం నుంచి సత్యవేడు బస్సు తొమ్మిదింటికి. నా పుస్తకాలు లోపలి అలమరలో ఉన్నాయి. వాటి కోసం వెనక్కి పోలేదు.

"ఏందే, చెప్పులేసుకుంటా ఉండావు? నీళ్ళకేనా పోయేది?" అని లోపలినుంచి కమలాంబ గారు అడిగారు.

బయటికి వచ్చేవాళ్ళకు మొట్టమొదట అదే కనబడేట్టు ఖాళీ బిందెను గుమ్మానికి ఎదురుగా పెట్టి మెట్లు దిగాను.