రాళ్ళ కింది కాపలా

వల విప్పి చూసేసరికి మధ్యలో మేకపిల్ల దూరేంత కంత ఉంది. దారాలు తెగిన తీరు చూసి దుర్గాబాయి పళ్ళు కొరికింది. ముల్లు చేప పనే ఇది. ఒంటినిండా పెంకుల్లాంటి నల్లటి పలకలు, రెక్కలకు రంపంలాంటి ముళ్ళు. కొనేవాడు లేడు, వండితే కుక్క కూడా మూతి తిప్పుకుంటుంది. వలలో పడిందంటే చేపను విడిపించడానికి వలనే కోయాలి. భర్త మేడ్చల్‌లో గోదాం పనికి కుదిరినప్పటి నుంచి వల బాధ్యత ఆమెదీ, మామ సిద్దయ్యదీ. ఆమె అల్లుతూనే ఉంది, అది చింపుతూనే ఉంది.

లాల్‌గడి మలక్‌పేట్ దిగువన ఉన్న తుమ్మలకుంటకు మూడేళ్ళ కిందటి దాకా మట్టి కట్టే ఉండేది. నీటి అంచున తుంగ, ఆ వేళ్ళ మధ్య కొర్రమట్ట చేపలు. కట్ట కోసుకుపోతోందని లోపలి వాలంతా రాళ్ళు పేర్పించారు. తుంగ పోయింది. ఆ ఏడే, కొత్త ప్లాట్ల వాళ్ళెవరో అద్దాల పెట్టెలో పట్టనంత పెరిగిన ఈ ముల్లు చేపల్ని తెచ్చి కుంటలో కుమ్మరించిపోయారు. కొర్రమట్టకు పనికిరాని రాళ్ళ సందులు వాటికి మేడలయ్యాయి.

పిల్లల్ని కాస్తున్న చేప మీద బెస్తవాళ్ళు చేయి వేయరు. ఎర్రటి పిల్లల గుంపు కింద కొర్రమట్ట తిరుగుతుంటే వల పక్కకు జరుపుతారు. మొదటి ఏడు ఒక ముల్లు చేప రాళ్ళ సందులో పచ్చటి గుడ్ల ముద్ద మీద కదలకుండా ఉండటం సిద్దయ్య చూశాడు. "ఇది గూడ కాపలున్నది. ముట్టకుండ్రి," అన్నాడు. పెద్దవాడి మాటని ఎవరూ ముట్టలేదు. ఇప్పుడు ఏ సందులో పుల్ల పెట్టి కదిపినా ఒకటి కదులుతుంది.

దుర్గాబాయి వల భుజాన వేసుకుని చాయ్ హోటల్ దగ్గరికి నడిచింది. చేపల సంఘం అధ్యక్షుడు దేవేందర్ అక్కడే ఉన్నాడు.

"ఏందక్కా, వలతోని వచ్చినవ్? నాకు కప్పి సన్మానం జేస్తవా?"

బల్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు.

"కప్పుత. ముందు తొర్రలు జూడు."

"మంచిదే గదా, గాలొస్తది."

"ఆ రాళ్ళకు సంతకం బెట్టింది నువ్వే. మమ్ముల ఒక్క మాట అడిగినవా?"

"కట్ట తెగితే ఊరు మునుగదా? ఇప్పుడు గట్టిగైందా లేదా?"

"కట్ట గట్టిగైంది. అండ్ల బతికేటిది సచ్చింది. తూము పక్కన ఒక్క మూలకు తుంగ మిగిలింది. గాడ కొర్రమట్ట పిల్లలేసింది. గీ ముల్లు చేపలు గాడికి గూడ జొరవడుతున్నయ్. సంఘాన్ని పిలువు. రాళ్ళల్ల గుడ్లన్నీ తీపిద్దం."

దేవేందర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ముట్టొద్దన్నది మీ మామ. ముందు మీ ఇంట్ల తేల్చుకొని రా అక్కా."

అది నిజం. అందుకే ఆమెకు ఒళ్ళు మరింత మండింది.

గడ్డపార తీసుకుని నేరుగా కట్ట మీదికి పోయింది. ఎండలకు నీళ్ళు తగ్గి కింది వరస రాళ్ళు బయటపడ్డాయి. వాటి మీద సిద్దయ్య చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు.

"లే మామా. నువ్వు కూసున్న రాయి కింద ఉన్నది."

"ఉన్నదనే కూసున్న."

"వల మొత్తం చింపింది."

"చింపనియ్యి. గుడ్ల మీద ఉన్నదాన్ని చంపిన చేత్తోని వల వట్టరు బిడ్డా. మా నాయిన చెప్పిండు."

"మీ నాయిన కాలంల గీ చేప ఉన్నదా? గీ రాళ్ళున్నయా?"

"కాపలుంటే కాపలున్నట్టే. నువ్వే చేపవని అడుగుతమా?"

"అడగాలె. మనం దీనికి కాపలుంటే మన కొర్రమట్టకు ఎవలున్నరు?"

సిద్దయ్య లేవలేదు. ఆమె దాని పక్క రాయి కింద గడ్డపార పోటు పెట్టి ఎత్తింది. కొంగు చేతికి చుట్టుకుని సందులోకి చేయి దూర్చింది. ముల్లు అరచేతిలో దిగింది. నీళ్ళు వెనక్కి పోయినా, బురద తడిలో ఆ చేప గుడ్ల మీదే ఉంది. పారిపోయి ఉంటే ఆమెకు ఇంత కోపం వచ్చేది కాదు. అద్దాల పెట్టెల వాళ్ళు నీడన కూర్చున్నారు. సంతకాల వాళ్ళు చాయ్ తాగుతున్నారు. గుడ్లు వదలని ఇలాంటిదాన్ని చంపే పని తన చేతికి వచ్చింది. చేపను లాగి కట్ట మీదికి విసిరింది. గుడ్లను గీకి ఎండలో పోసింది.

ఆ సాయంత్రం ఆమె అన్నం పెడితే సిద్దయ్య కంచం వంక చూడలేదు. బయట మూడు రాళ్ళు పెట్టుకుని తనే గంజి కాచుకున్నాడు. ఆమె బతిమాలలేదు. మర్నాడు మళ్ళీ పెట్టింది, ఆయన మళ్ళీ ముట్టలేదు. ఆమె పొద్దున్నే పోయి రాళ్ళు ఎత్తుతూనే ఉంది. అరచెయ్యి వాచి చీము పట్టినా ఆపలేదు.

కొన్నాళ్ళకు ఆయన రాయి మీద కనిపించడం మానేశాడు. అలిగి ఇంట్లో పడుకున్నాడనుకుంది. ఒక పొద్దున తూము వైపు చూస్తే, తుంగ పక్కన మోకాలు లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు, చేతిలో వెదురుకర్ర. ముందర నీళ్ళలో ఎర్రగా కొర్రమట్ట పిల్లల గుంపు మసులుతోంది.

తుంగ మొదట్లో నల్లగా ముల్లు చేప కదిలింది. సిద్దయ్య కొట్టలేదు. కర్రతో నీళ్ళు తడుతూ దాన్ని మెల్లగా బయటికి తోలాడు. అది కట్ట వెంబడి పాకుతూ రాళ్ళ వైపు, ఆమె వైపే వచ్చింది. ఎటు తోలుతున్నాడో ఆయనకు తెలుసు. ఒకసారి తలెత్తి ఆమె గడ్డపార చూశాడు. తల తిప్పుకుని మళ్ళీ తుంగ వైపు నిలబడ్డాడు.

ఆ సాయంత్రం కూడా ఆయన ఆమె పెట్టిన కూడు తినలేదు.