శ్రీహరి రాని వాయిదా

మార్కాపురం కోర్టు వరండాలో నాగభూషణరావు కూర్చోని బెంచీ లేదు. తమ్ముడు శ్రీహరి మీద ఆయన వేసిన గోడ దావా నడిచి నడిచి ముసలిదైపోయింది. పలకల దుకాణం వెనకాల ఉమ్మడి గోడ అది. వానలకు సగం కూలింది కూడా. అయినా ప్రతి వాయిదాకూ అన్న దుకాణం మూసి వచ్చేవాడు, తమ్ముడు గిద్దలూరులో బస్సెక్కి వచ్చేవాడు. ఒకే బెంచీకి చెరో చివర కూర్చుని, పలకరింపు లేకుండా ఎవరి దోవన వాళ్ళు పోయేవాళ్ళు. పెద్దవాణ్ని, ముందు నేనెందుకు మాట్లాడాలి అని ఈయన బిగుసుకుపోయేవాడు. ఏం పెద్దరికమో ఏమో!

భార్య పోయి, ఇంట్లో మాట్లాడే దిక్కు లేకుండా పోయాక ఆ బిగువు కాస్తా సడలింది. ఈసారి తానే ముందు పలకరించాలనుకున్నాడు. "తిన్నావా రా?" అంటే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది. పొద్దున్నుంచీ ఆ ఒక్క మాటే లోలోపల అనుకుంటూ కూర్చున్నాడు.

బెంచీకి అవతలి చివర ఒకామె వచ్చి కూర్చుంది. పేరు రెబెకా. పుల్లలచెరువు నుంచి ఏదో యాక్సిడెంటు కేసులో సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. సమన్ల కాగితాన్ని విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది.

"అది మావాడు కూర్చునే చోటమ్మా, కొంచెం ఇట్ల జరుగు," అన్నాడాయన. "మొదటిసారా?"

"అవును పెద్దాయనా. లోపల ఏం చేస్తారో ఏందో."

"ఏం చెయ్యరు. బంట్రోతు నీ పేరు మూడుసార్లు అరుస్తాడు. పోయి బోనులో నిలబడు. ప్రమాణం చేయిస్తారు. లాయరు గదమాయించినా బెదరబాక, అది ఆయన పని. చూసింది చెప్పు, తెలియంది తెలియదను. ఫోను మాత్రం ఆపెయ్."

ఆమె ఫోను ఆపేసింది. ఆయన గేటువైపు చూశాడు. గిద్దలూరు బస్సు వచ్చే వేళ దాటిపోయింది.

ఇంతలో పిలుపు వచ్చింది. ఆయన లోపలికి వెళ్ళి నిలబడ్డాక బంట్రోతు శ్రీహరి పేరు మూడుసార్లు పిలిచాడు. తమ్ముడి లాయరు లేచి, "ప్రతివాది కిందటి నెల చనిపోయారండీ, మెమో వేస్తున్నాం," అన్నాడు.

జడ్జిగారు కాగితం చూసి, వారసులను చేర్చమని వాయిదా వేశారు. నాగభూషణరావు లాయరు వెనక్కి తిరిగి, "ఏం పర్లేదు, భార్యాపిల్లల మీద నడుపుదాం," అని ధైర్యం చెప్పాడు. అప్పటికే తర్వాతి కేసు పిలుస్తున్నారు.

తోడబుట్టినవాడు పోతే కబురు చెప్పడానికి ఒక్కరికీ మనసు రాలేదు. ఆ నెలలోనే ఆయన గడ్డం గీయించుకున్నాడు, చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళాడు, ఒక పెళ్ళిలో బూరెలు అడిగి మరీ వేయించుకున్నాడు. మైలలో ఉండాల్సిన మనిషి! తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

చావు కబురు వినగానే కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకోవాలి. ఇంటిదాకా ఆగడం ఆయన వల్ల కాలేదు. కోర్టు వెనక కుళాయి తిప్పి, చొక్కాతోనే దాని కింద చతికిలబడ్డాడు. ఎవరో ప్యూను, "ఏంది సార్, ఇక్కడ స్నానాలేంది!" అని కేకలేశాడు. ఆయన లేవలేదు.

సాక్ష్యం చెప్పి బయటికొచ్చిన రెబెకా పరుగున వచ్చింది.

"ఏమైంది పెద్దాయనా?"

"మా తమ్ముడు పోయినాడమ్మా."

"అయ్యో! ఎప్పుడు?"

ఆయనకు తేదీ తెలియదు.

"ఇప్పుడేనమ్మా," అని భోరున ఏడ్చాడు.