చెల్లప్పన్ వేసిన అతుకు

భక్తవత్సలం ముప్పై నాలుగేళ్లు బట్టల మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేశాడు. అన్నేళ్లలో ఒక్క మెమో లేదు, తన షిఫ్టులో ఒక్కసారి కూడా నిప్పు ఆరలేదు. ఈ సంగతి ఆయన ఉండే ఉప్పళంలో ఎవరిని అడిగినా చెబుతారు. చెప్పకేం చేస్తారు, పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ ఆయనే చెప్పి ఉంచాడు మరి.

మిల్లు మూతపడ్డాక ఆయనకూ, అదే మిల్లులో టర్నరుగా చేసిన చెల్లప్పన్‌కూ కలిసి ఒక పిచ్చి పట్టుకుంది. ఆవిరితో నడిచే బొమ్మ పడవ చెయ్యాలి. బ్యాటరీ పెట్టి తిప్పేది కాదు, నిజం బాయిలర్, నిజం ఇంజను, కాకపోతే అరచేతిలో పట్టేవి. నూనె డబ్బా రేకు కత్తిరించి పడవను భక్తవత్సలం చేశాడు. అది కాస్త ఎడమకు ఒరుగుతుంది గానీ ఆ మాట ఆయనతో ఎవరూ అనరు. మిగతాదంతా చెల్లప్పన్ పనే. మూలకుళంలో తన ఇంటి వెనక రేకుల షెడ్డులో లోహం చెక్కే పాత లేత్ యంత్రం ఒకటి ఉంది. దాని మీద బొటనవేలంత ఇత్తడి సిలిండరు తీశాడు. జానెడు రాగి గొట్టానికి రెండు వైపులా మూతలు పెట్టి, తగరంతో అతికి బాయిలర్ చేశాడు.

ఆ అతుకుకు మూడు వారాలు పట్టింది. మిల్లులో ఉన్నప్పుడు వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషికి ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, కళ్లకు శుక్లాలు కమ్ముకుంటున్నాయి. మూడుసార్లు అతికి, మూడుసార్లు ఊడదీసి, నాలుగోసారి వేశాడు.

"ఇది నిలిస్తే నా చేతులు ఇంకా నావే వత్సలం. లేకుంటే లేత్ ఎవరికన్నా ఇచ్చేస్తా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అది నవ్వులాటకు అన్న మాట కాదని భక్తవత్సలానికి తెలుసు.

ఆ ఆదివారం చెల్లప్పన్ కంటి ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. పడవ అప్పటికే భక్తవత్సలం ఇంట్లో ఉంది. వెళ్తూ వెళ్తూ చెల్లప్పన్ ఫోను చేశాడు.

"నేను వచ్చినాక చూద్దాం. ఆగలేకపోతే ఒకటి గుర్తు పెట్టుకో. బాయిలర్ కింద పెట్టే దీపంలో స్పిరిట్, సీసా మూతతో రెండు మూతలే పొయ్యి. నీళ్లు అయిపోయే ముందే మంట ఆరిపోవాల. నీళ్లు ఎంత ఉండాయో చూసేదానికి దీనికి గాజు గొట్టం లేదు."

"నాకు చెప్తా ఉండావా నువ్వు?" అన్నాడు భక్తవత్సలం.

ఆయన ఆగలేదని వేరే చెప్పాలా? మంట ఆరిపోవాలట! మిల్లులో మంట ఆరితే మగ్గాలన్నీ ఆగుతాయి, ఆర్పినవాడి పరువు గంగలో కలుస్తుంది. మేడ మీద సిమెంటు తొట్టిలో పడవను దించి, రెండు మూతలకు బదులు నాలుగు పోశాడు.

పడవ నడిచింది. అబ్బ, ఏం నడక! సిలిండరు చిన్నగా ఊగుతూ, సన్నగా ఆవిరి చిమ్ముతూ, ఎడమకు ఒరిగి తొట్టి చుట్టూ తిరిగింది. పెద్దాయనకు కళ్లు చెమర్చాయి. ఆ మురిపెంలో నీళ్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది? కాసేపటికి ఇంజను నిదానించి ఆగిపోయింది. కింద మంట మాత్రం నిక్షేపంగా మండుతోంది. ఆయన చెయ్యి చాపేలోగా టప్పుమని బాయిలర్ మూత ఊడింది. కరిగిన తగరం బొట్లు బొట్లుగా రేకు మీద రాలింది.

లోపల నీళ్లున్నంతసేపు తగరం కరగదు. ఎండిన బాయిలర్ కింద మంట పెట్టినవాడు మిల్లులో అయితే ఆ రోజే ఇంటికి పోవాల్సిందే. ఈ సంగతి భక్తవత్సలానికి ఒకరు చెప్పాలా? ఆయన అటూ ఇటూ చూసి, ఆ తగరం బొట్లను గోటితో గీకి తూములోకి తోసేశాడు.

సాయంత్రం చెల్లప్పన్ నల్లద్దాలతో వచ్చాడు. కళ్లలో మందు వేసి ఉంది. ఊడిన బాయిలర్ చేతికి తగలగానే, "ఏమైంది?" అన్నాడు.

నిజం చెబుదామనే భక్తవత్సలం నోరు తెరిచాడు. ముప్పై నాలుగేళ్ల పేరు అడ్డం వచ్చింది. "అతుకు పట్టలేదప్పా. ఊడిపోయినాది."

చెల్లప్పన్ ఆ అంచును వేళ్లతో తడిమాడు. చూద్దామన్నా కళ్లు మసక. "నువ్వు చెప్పినాక ఇంకేముండాది. బాయిలర్ సంగతి నీకంటే ఎవరికి తెలుసు" అన్నాడు. ఇచ్చిన కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఒక్క తిట్టు తిట్టి ఉంటే భక్తవత్సలానికి అన్నం సహించేదేమో. అలా నమ్మి వెళ్లిపోయేసరికి ఆయన తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాడు. మూలకుళం వైపు కూడా పోలేదు.

పన్నెండో రోజు చెల్లప్పన్ కూతురు తేన్మొళి వచ్చింది.

"మామా, నాయన లేత్ ఇచ్చేస్తా ఉండాడు. వేల్మురుగన్ అన్న వర్క్‌షాపుకి. రేపు పొద్దున పది గంటలకి బండి వస్తాది."

"ఏందిమ్మా, ఎందుకు?"

"చేతులు పోయినాయంట. వాకిట్లో కూర్చోని ఆ చేతులే చూసుకుంటా ఉంటాడు. టీ గ్లాసు కూడా పట్టుకోడు, నేనే తాగిస్తా ఉండా. మీరైనా చెప్పండి మామా, మీ మాటయితే వింటాడు."

ఆ పిల్ల అటు వెళ్లగానే లోపల్నుంచి భార్య వేదవల్లి వచ్చి ఎదురుగా నిలబడింది.

"విన్నావా, నీ మాట వింటాడంట. ఆ దినం నేను వడియాలు తీసేదానికి మేడ ఎక్కినా. నువ్వు నాలుగు మూతలు పోసింది చూసినా. తూములోకి తోసింది కూడా చూసినా. నువ్వే పోయి చెప్తావని ఇన్ని దినాలు కాచుకోని ఉండా."

"ఇన్నేళ్ల పేరు, వేదా..."

"నీ పేరు నీకు కావాల. ఆయప్ప చేతులు ఆయప్పకి వద్దా?"



మర్నాడు ఆయన మోపెడ్ మీద మూలకుళం చేరేసరికి వ్యాను వాకిట్లోనే ఉంది. లేత్ బోల్టులు విప్పేశారు. ఇద్దరు మనుషులు కింద గడ్డపారలు దూర్చి లేపుతున్నారు. వేల్మురుగన్ పక్కన నిలబడి జాగ్రత్తలు చెబుతున్నాడు. చెల్లప్పన్ స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

"ఆపండప్పా!" అని అరిచాడు భక్తవత్సలం. అందరూ ఆగారు.

"చెల్లప్పా, అతుకు ఊడలేదు. కరిగినాది. నాలుగు మూతలు పోసింది నేను. నీళ్లు ఎండిపోతే చూసుకోనిది నేను. బాయిలర్‌ని కాల్చింది నేనే."

వేల్మురుగన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఈయన నిప్పు గొప్పలు అతనూ చిన్నప్పట్నుంచీ వింటున్నవాడే.

"అతుకు?" అన్నాడు చెల్లప్పన్ నెమ్మదిగా.

"గట్టిగా నిలిచినాది. నీళ్లుండే వరకు ఒక్క బొట్టు కారలేదు."

"మళ్లా చెప్పు."

చెప్పాడు. చెల్లప్పన్ గడ్డపారలు పట్టుకున్న ఇద్దరినీ చూపించి, "వాళ్లకి కూడా వినపడేటట్టు చెప్పు" అన్నాడు. భక్తవత్సలం మూడోసారి, గొంతు పెంచి చెప్పాడు. చెబుతుంటే సిగ్గుతో చెవులు మండిపోయాయి.

చెల్లప్పన్ లేచాడు. "పన్నెండు దినాలు రా. నా బిడ్డ నోటికి టీ పట్టిస్తా ఉంటే తాగినా రా నేను." నలభై ఏళ్ల స్నేహంలో ఆయన భక్తవత్సలాన్ని రా అనడం అదే మొదలు. కొడతాడేమో అనుకున్నాడు భక్తవత్సలం. కొట్టినా బాగుండునని కూడా అనుకున్నాడు.

చెల్లప్పన్ కొట్టలేదు. వేల్మురుగన్ వైపు తిరిగి, "కోపం చేసుకోవద్దు నాయనా. లేత్ యాడికీ పోదు. మళ్లా బిగించేసి పోండి" అన్నాడు.

వాళ్లు బోల్టులు బిగించి వెళ్లిపోయారు. తర్వాత చెల్లప్పన్ అటక మీంచి ఒక కొత్త రాగి గొట్టం దించి, రంపం తీసుకున్నాడు.

"నేను పట్టుకుంటా" అన్నాడు భక్తవత్సలం.

"పట్టుకో. కానీ బాయిలర్ అయినాక నిప్పు దగ్గరికి నువ్వు రావద్దు. వేదవల్లి వెలిగిస్తాది. నువ్వు దూరంగా నిలబడి చూడు."

"సరే" అన్నాడు భక్తవత్సలం. ఆ శిక్ష న్యాయమేనని ఆయనకు తెలుసు, అందుకే అంత ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గొట్టం రెండో కొస పట్టుకున్నాడు.