కుడివైపు వెనక తలుపు

అమ్మ గుండ్రటి పిండి బిళ్ళ మధ్యలో బంగాళాదుంప ముద్ద పెట్టి, సగానికి మడిచి, అంచులు వేళ్ళతో నొక్కుతోంది. ఈస్టరుకి ముందు వచ్చే తపస్కాలంలో శుక్రవారాలు మా పేటలో ఎవరూ మాంసం ముట్టరు. చర్చి కింది హాల్లో ఇలా ముద్ద కూరిన పిరోగీలు అమ్ముతారు. రేపటి శుక్రవారానికి చేసి పంపడం మా ఇంటి వంతు. తడిగుడ్డ కప్పిన పళ్ళాలు అప్పటికే పొయ్యి పక్క దాకా వచ్చేశాయి. నేను బల్ల చివర లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అమ్మ చేతులనిండా పిండి కాబట్టి ఆమె జవాబులు చెబుతూ ఉంటే నేను నొక్కాలి.

ఆ జవాబులు మా కారు గురించి. ఏటా వసంతకాలంలో ఒక పత్రిక వాళ్ళు చందాదారులందరికీ ప్రశ్నలు పంపుతారు. మీ కారేది, ఏ ఏడాదిది, గడిచిన పన్నెండు నెలల్లో అందులో ఏమేం పాడయ్యాయి అని అడుగుతారు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన జవాబులన్నీ కూడి, ఒక్కో కారుకి ఒక్కో భాగానికి చుక్కలు వేసి అచ్చువేస్తారు. ఐదు చుక్కలు వస్తే కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చని మావాళ్ళ నమ్మకం. చందా అమ్మ పేరు మీదే ఉంది, కారూ అమ్మ పేరు మీదే ఉంది. కానీ ఇన్నేళ్ళూ ఆ జవాబులు రాసింది నాన్న. కాఫీ తెచ్చుకుని కూర్చుని, పైనుంచి కిందిదాకా 'సమస్య లేదు' అని నొక్కి, కాఫీ చల్లారకముందే లేచేవాడు.

నాన్న పేరు చెస్టర్. మా ఊరి కార్ల ప్లాంటులో పదవీ విరమణ దాకా తలుపులు బిగించాడు. కుడి చెవి వినికిడి అక్కడే వదిలేసి వచ్చాడు గానీ, అందుకు ఎప్పుడూ బాధపడలేదు. మా కారు ఆయన పనిలో ఉండగానే ఆ ప్లాంటులోంచి వచ్చింది. ఇంటికి తెచ్చిన రోజు నాలుగు తలుపులూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి వేసి, ప్రతిసారీ అమ్మ వైపు తిరిగి "విన్నావా?" అన్నాడు. మెత్తగా, బరువుగా, పెద్ద పుస్తకం మూసినట్టు ఉండేది ఆ చప్పుడు. అప్పటినుంచి తలుపు వేసినప్పుడల్లా పక్కన ఎవరుంటే వాళ్ళని అదే అడుగుతాడు. మా చర్చి ఫాదర్ని అడిగాడు, పళ్ళ డాక్టర్ని అడిగాడు, ఒకసారి మా కారుకి పార్కింగు జరిమానా చీటీ అంటిస్తున్న పోలీసాయన్ని కూడా అడిగాడు.

ఈ ఏడు మాత్రం అమ్మ, జవాబులు తనే చెబుతానంది. ఆదివారం బెర్నడెట్ ఫోన్ చేసింది. బెర్నడెట్ అమ్మకి జ్ఞానపుత్రిక, బాప్తిస్మం నాడు అమ్మ చేతుల్లో ఉన్న పిల్ల. ఇప్పుడు తనకే ఇద్దరు పసివాళ్ళు. పాత వ్యాను మొండికేసిందని, అచ్చం మా కారులాంటిదే ఒకటి చూసుకున్నానని చెప్పింది. తలుపులకీ బాడీకీ ఆ పత్రిక ఐదు చుక్కలు ఇచ్చిందట. శనివారం కార్ల కొట్టువాడికి మాటివ్వాలి, మీకైతే ఏ ఇబ్బందీ లేదు కదా అత్తా అని అడిగింది. శుక్రవారం రాత్రిలోగా చెబుతానని అమ్మ ఫోన్ పెట్టేసింది. తర్వాత చాలాసేపు బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చుంది.

"ఇంజను," అని చదివాను.

"బంగారం," అన్నాడు నాన్న. కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతూ తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు.

అడిగింది ఆయన్ని కాదని అమ్మ గుర్తుచేసి, ఇంజను బాగానే ఉందని రాయమంది. గేరుబాక్సూ బాగానే ఉందంది. బ్రేకులూ అంతే. ప్రతి జవాబుకీ నాన్న చర్చిలో తలూపినట్టు తలూపాడు. బ్యాటరీ దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు. జనవరి మంచులో అది చచ్చిపోతే నాన్నే వాకిట్లో నిలబడి కొత్తది వేశాడు. అది సమస్య కిందికి రాదని ఆయన వాదన. బ్యాటరీకి వయసైపోయింది, అంతేనన్నాడు.

"అయితే నా మోకాలు కూడా జబ్బు కాదన్నమాట. ఈసారి డాక్టరుతో చెబుతాను," అంది అమ్మ.

హీటరు ఫ్యాను చప్పుడు కూడా సమస్య కాదట. లోపల ఎండుటాకు ఇరుక్కుంది. ఆ తప్పు ఆకుది. తను విప్పి తీసేశాడు కాబట్టి అయిపోయింది. నాన్న లెక్కలో, రిపేరు షాపువాడి చేతిలో పెట్టాల్సి వస్తేనే అది సమస్య. ఇంట్లో బాగుచేసుకున్నది సమస్య కాదు, సరదా. ఆ లెక్కన మా జిల్లాలో ఒక్క కారూ పాడవదని అమ్మ అంది. అది నిజమే. మా వీధిలో ప్రతి మగాడూ శనివారం కారు కిందే ఉంటాడు, ప్రతి కారూ బంగారమే.

అప్పుడే లెనర్డ్ మావయ్య వచ్చాడు, టోపీలోంచి వాన నీళ్ళు విదిలించుకుంటూ. ఆయన అమ్మ తమ్ముడు, తపాలా ఆఫీసులో పని. ఆ పత్రిక చుక్కలు చూసే విదేశీ కారు కొన్నాడు. ఆ రోజునుంచీ మా వాకిట్లో దానికి చోటు లేదు. ప్లాంటు కార్మికుల యూనియన్ హాలు దగ్గర కూడా అలాంటి బండ్లని రోడ్డవతల పెట్టుకోమనే రాసి ఉంటుంది. మావయ్య రెండిళ్ళ అవతల ఆపుకుని, వానైనా మంచైనా నడిచి వస్తాడు.

"నీ వాకిట్లో చెత్తబండి ఆగొచ్చు గానీ నేను ఆగకూడదు కదా బావా," అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

"చెత్తబండి ఈ ఊళ్ళో తయారైంది," అన్నాడు నాన్న.

అమ్మ ఉల్లిపాయలతో వేయించిన నాలుగు పిరోగీలు తమ్ముడి ముందు పెట్టింది. నా వైపు చూసి, లాప్‌టాప్ మూసెయ్యమన్నట్టు గడ్డం కదిపింది. ఎందుకో నాకు తెలుసు. తర్వాతి ప్రశ్న తలుపులది. తమ్ముడి ముందు ఆ మాట ఎత్తడం ఆమెకి ఇష్టం లేదు. రాత్రి ఇద్దరే ఉన్నప్పుడు నాన్నతో మెల్లగా చెప్పుకుందామనుకుంది.

నాన్నకి అది తెలియదు. మావయ్య వచ్చాక ఆయనకి మరింత హుషారు వచ్చింది. కప్పు బోర్లించి, చేతులు తుడుచుకుని, బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఎందుకాపావని నన్ను అడిగాడు. తర్వాత చూద్దాంలే, నీళ్ళు మరుగుతున్నాయంది అమ్మ.

"తలుపుల దగ్గరికి వచ్చేసరికే మరిగాయా నీళ్ళు? చదువు మార్సీ. మీ మావయ్య కూడా వినాలి."

నేను అమ్మ వైపు చూశాను. ఆమె ఇంకో బిళ్ళ తీసుకుంది. చదివాను. "తలుపులు, కిటికీలు. సరిగా మూసుకోకపోవడం, గాలి చప్పుడు, వాన నీళ్ళు లోపలికి రావడం."

"లేదు," అన్నాడు నాన్న, వెనక్కి వాలి.

అమ్మ వేళ్ళు పిండి అంచు మీద ఆగిపోయాయి. కిటికీ మీద వాన పడుతోంది. ఆయన మాటే ఉండనిస్తుందనుకున్నాను. నేనైతే ఉండనిచ్చేదాన్ని.

"చెస్టర్, మన కారు వెనక సీట్లో ఎప్పుడైనా కూర్చున్నావా?" అని అడిగింది.

"నేనెందుకు కూర్చుంటాను? నడిపేది నేను కదా."

"అదే." ఆమె చేతిలోది పళ్ళెంలో పెట్టింది. "కుడివైపు వెనక తలుపు. వానొస్తే కారుతుంది. హైవే ఎక్కితే ఈలేస్తుంది. ఉందని రాయవే."

నాన్న నవ్వాడు. నవ్వుతూనే మావయ్య వైపు తిరిగాడు, అతనూ నవ్వుతాడని. నాన్న కారు మీద చిన్న గీత పడినా పండగ చేసుకునే మావయ్య, పళ్ళెంలో ఉల్లిపాయ ముక్కలు ఒక పక్కకి జరుపుతున్నాడు.

"విన్నావురా లెన్, మీ అక్క మాట?"

"మన ఫ్లోరియన్ బాబాయి అంత్యక్రియలకి మీ కారులోనే వచ్చాను కదా బావా," అన్నాడు మావయ్య తలెత్తకుండా. "ఆ కుడివైపే కూర్చున్నాను. కోటు భుజం తడిసిపోయింది. చర్చిలో అందరూ ఎవరో నా మీద పడి ఏడ్చారనుకున్నారు."

"అది జరిగి ఎన్నాళ్ళైంది? ఇన్నాళ్ళూ నువ్వు నోరు మూసుకున్నావా? నువ్వు?"

"చెబుదామనే నోరు తెరిచాను. నువ్వు దిగి, ఆ తలుపేసి, విన్నావా అన్నావు. ఇంకేం చెబుతాను?"

నాన్న నా వైపు తిరిగాడు. అడగను కూడా అడగలేదు.

"విన్నాను నాన్నా," అన్నాను.

హైస్కూలు రోజుల నుంచీ వింటున్నాను. నది మీది వంతెన ఎక్కగానే సన్నగా మొదలై, దిగేసరికి ఆగిపోయేది. అది నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని. అమ్మ కూడా తనకొక్కదానికే తెలుసనుకుంది. మావయ్యా అంతే. ఆ కారు వెనక సీట్లో కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు. ముందు కూర్చుని, వినపడని చెవి అటువైపు పెట్టుకుని నడిపిన మనిషికి తప్ప.

"ఆ తువ్వాలు," అన్నాడు నాన్న. "సీటు పక్కన పెడతావే, చెరువు దగ్గరికి తీసుకెళ్ళే చారల తువ్వాలు. సరుకుల్లో పాలు కారతాయని పెట్టానన్నావు."

"పాలెప్పుడూ కారలేదు చెస్టర్."

అప్పుడు అమ్మ బెర్నడెట్ సంగతి చెప్పింది. చంటిదాని కుర్చీ బిగించేది ఆ కుడివైపే. ఐదు చుక్కలున్నాయని ఆ పిల్ల కొంటోంది. "ఆ చుక్కల్లో కాస్త సిరా నీది. ఎవరింట్లో కారు వాళ్ళింట్లో బంగారమే. కానీ ఆ పిల్ల నన్నడిగింది," అంది. గొంతు పెంచలేదు. తిట్టనూ లేదు. మళ్ళీ ఒక బిళ్ళ తీసుకుని మధ్యలో ముద్ద పెట్టింది.

నాన్న బల్ల మీద పడిన పిండిని వేలితో ఒక గీతలా కూడబెట్టాడు.

"అది నేను బిగించింది కాదేమో. రెండో షిఫ్టువాళ్ళు బిగించి ఉంటారు."

"అయ్యుండొచ్చు," అంది అమ్మ.

"రెండో షిఫ్టువాళ్ళదే బావా. చూస్తేనే తెలుస్తోంది," అన్నాడు మావయ్య.

మావయ్య వెక్కిరించి ఉంటే నాన్న తట్టుకునేవాడు. అలవాటున్న దెబ్బే కదా. కానీ బామ్మర్ది తన పక్షాన మాట్లాడేసరికి ఆయన ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో మావయ్య ఆయన్ని ఒక మాట కూడా అనకుండా వదిలిపెట్టడం నేను అప్పుడే చూశాను.

నేను 'ఉంది' అని నొక్కాను. సమస్య ఎంత తీవ్రమైనదని తెరమీద ప్రశ్న వచ్చింది. చిన్నదేనని అమ్మ చెప్పింది. బాగుచేయించారా అన్నది తర్వాతి ప్రశ్న.

నాన్న లేచాడు. టోపీ పెట్టుకోకుండానే వంటింటి తలుపు తీసుకుని వాకిట్లోకి వెళ్ళాడు. కిటికీలోంచి ముగ్గురం చూశాం. అలవాటు ప్రకారం ఎడమవైపు, స్టీరింగున్న ముందు తలుపు దాకా వెళ్ళి, ఆగి, కారు చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చాడు. వెనక తలుపు తెరిచి, కిందికి వంగి అంచు పొడుగునా రబ్బరు తడిమాడు. తువ్వాలు బయటికి తీసి పిండాడు. దాన్ని చూస్తూ వానలో కాసేపు నిలబడ్డాడు. తర్వాత మోకాళ్ళు ముడుచుకుని లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఆ చప్పుడు వంటింట్లోకి వినపడింది. ఎప్పటిలాగే మెత్తగా, బరువుగా ఉంది.

అద్దంలోంచి ఆయన తల మసకగా కనపడుతోంది. సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, మంచి చెవిని తలుపుకి ఆనించుకుని కూర్చున్నాడు.

"ఆగి ఉన్న కారులో ఈలేం వినపడుతుందక్కా?" అన్నాడు మావయ్య.

తెరమీద ఇంకో ప్రశ్న వచ్చి ఆగింది. అన్నీ ఆలోచించుకున్నాక, మళ్ళీ ఇదే కారు కొంటారా అని. చదవనా అని అడిగాను. అమ్మ కిటికీ దగ్గరే ఉంది. నాన్న కదల్లేదు. వాన కాస్త పెరిగింది. కుండలో నీళ్ళు మరిగి మూత ఎగురుతోంది. మావయ్య లేచి మంట తగ్గించాడు.

అమ్మ మోచేతుల దాకా పిండి కడుక్కుంది. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, తలుపు పక్క మేకు మీద ఉన్న కారు తాళాలు తీసుకుని, వానలో స్టీరింగు వైపు తలుపు దగ్గరికి వెళ్ళింది.