మగతోడు లేని గుడ్డు

అక్టోబరు పద్నాలుగు, సోమవారం. ఆ ఉదయం వాళ్ళు తిన్నది జీలకర్ర, నిమ్మరసం కలిపి ఉడికించిన ఫూల్ చిక్కుడు గింజలు, వేడి రొట్టె, పచ్చిగానే నంజుకోవడానికి పెరటి మడిలో అప్పుడే కోసిన జర్జీర్ ఆకు. రావియాకి ఆ తేదీ గుర్తుండిపోవడానికి కారణం ఉంది. ఆమె ఆకు కట్ట విప్పబోతుంటే భర్త షాకిర్ పళ్ళెం పక్కకి లాగాడు.

"నువ్వు ముట్టుకోకు. అమ్మ పెడుతుందిలే."

పదకొండేళ్ళుగా ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో మలపరీక్షలు చేసేది రావియానే. తెల్లవారకముందే రొట్టెల పిండి పిసికేది, అత్తగారి మోకాళ్ళకు నూనె రాసేది, ఆరేళ్ళ కూతురు హనీన్‌కి జడలు వేసేది ఆ చేతులే. ఆ పనులప్పుడు వాటికి ఏ వాసనా ఉండదు. జీతం తెచ్చిన రోజునా ఉండదు. అన్నం దగ్గరే వస్తుంది ఆ వాసన. పెళ్ళైన కొత్తలో షాకిర్ తన స్నేహితులతో "మా ఆవిడ సర్కారు వారి పెంట పండితురాలు" అని నవ్వితే తనూ నవ్వింది. నవ్వి ఉండకూడదని అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఎండాకాలం చివర్నుంచి హనీన్‌కి కడుపునొప్పి. ముద్ద దిగదు, మొహం పాలిపోయింది. "నీ చేతులతో పరీక్ష వద్దు" అని షాకిర్ పట్నంలో చేయించుకొచ్చాడు. పురుగులు లేవని కాగితం ఇచ్చారు. అత్తగారు ఇత్తెదాల్ అప్పుడే తేల్చేసింది: "పురుగులు కావు. తల్లి ఒంటి కంపుకి పిల్లకి తిండి సయించడం లేదు. ఆ ఉద్యోగం మానేస్తే అదే తింటుంది." రాజీనామా కాగితం షాకిర్ తనే రాసి అద్దం మూలకి దోపాడు. శుక్రవారంలోగా రావియా సంతకం పెట్టాలి.

మంగళవారం ఆమె ఎవరికీ చెప్పకుండా హనీన్ మలం డబ్బాలో పెట్టి కేంద్రానికి పట్టుకెళ్ళింది. సూక్ష్మదర్శిని కింద మొదటి గాజుపలకలో ఏమీ లేదు. ఏలికపాము గుడ్డంటే ఎవరైనా వెతికేది గుండ్రంగా, గోధుమరంగులో, చుట్టూ బుడిపెలున్నదాన్నే. రెండో పలకలోనూ లేదు. పట్నం వాళ్ళది నిజమేనేమో, తన మీదే ఏదో కంపుందేమో అనుకుంటూ మూడోది పెట్టింది. పక్కకి, పొడుగ్గా, నలిగిన సంచిలా ఏదో కనిపించింది. పల్చని పెంకు, లోపల ఎగుడుదిగుడు గింజలు. కొత్తవాళ్ళు ఆకుపీచు అనుకుని దాటేస్తారు. రావియా దాటలేదు. పని నేర్పిన ఫౌకియా మేడమ్ గొంతు చెవిలో వినిపించింది: "కడుపులో ఆడపురుగు ఒక్కతే ఉందనుకో, మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతూనే ఉంటుందే తల్లీ. రోజుకి రెండు లక్షలు. ఆకారం వేరుగా ఉందని లెక్కలోకి తీసుకోరు. నువ్వు మాత్రం వాటినీ వెతుకు." రావియా కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

సాయంత్రం ఆ ఫలితం రాసిన కాగితం, ఒక పురుగుల మాత్ర తీసుకుని ఇంటికి వచ్చింది.

"చూశావా! నీ చేతుల నుంచే అంటింది," అన్నాడు షాకిర్.

"కాదు షాకిర్. అప్పుడే బయటపడ్డ గుడ్డు ఎవరికీ అంటదు. మట్టిలో రెండు మూడు వారాలు ముదరాలి. నా బల్ల మీద మట్టి లేదు. మరుగుదొడ్డి గొయ్యి తీయించి ఆ మడ్డి ఎక్కడ పోయించావు?"

ఇత్తెదాల్ పెరటి వైపు చూసింది. మే నెలలో మడిలో ఆ మడ్డి పడ్డాకే జర్జీర్ అంత ఏపుగా పెరిగింది.

"ఆకు నేనే కడిగానే," అంది నెమ్మదిగా. "కాలవలో. మూడుసార్లు."

ఊరి మరుగుదొడ్ల గోతులన్నీ ఆ కాలవలోకే ఊరతాయి. రావియా ఆ మాట అనలేదు. ముసలామె చేతులు అప్పటికే కొంగు కింద దాక్కున్నాయి. ఎవరో కసురుకున్నాక చేతులు అలా దాచుకోవడం ఏమిటో రావియాకి తెలుసు.

అద్దం మూల నుంచి రాజీనామా కాగితం తీసింది. షాకిర్ కలం అందించాడు. ఆమె కాగితం తిరగేసి ముక్కలుగా చింపి, మూడు ముక్కల మీద పేర్లు రాసి, మూడు మూత డబ్బాలకి అంటించింది. షాకిర్. ఇత్తెదాల్. రావియా.

"గోతిలోని గుడ్లు మన కడుపుల్లోంచే వచ్చి ఉంటాయి. రేపు పొద్దున్న ఎవరిది వాళ్ళు నింపి పెట్టండి."

"నేనా? ఆ డబ్బా నేను పట్టుకోవాలా?"

"పదకొండేళ్ళుగా ఊరంతా నా దగ్గరికి పట్టుకొస్తోంది. నువ్వూ తీసుకురా. శుక్రవారమే కాదు, ఆ తర్వాత కూడా నేను అక్కడే ఉంటాను."

హనీన్ మాత్ర నమిలి, మొహం చిట్లించి, తల్లి ఒళ్ళోనే నిద్రపోయింది. షాకిర్ డబ్బాని రెండు వేళ్ళతో పట్టుకుని గదిలోకి వెళ్ళాడు. ఇత్తెదాల్ తన డబ్బా తీసుకుని, వెళ్ళకుండా నిలబడింది.

"ఇది నువ్వే చూస్తావుగా? ఇంకెవరికీ ఇవ్వవుగా?"

"నేనే చూస్తాను అత్తయ్యా."

ముసలామె తల ఊపింది. పొద్దున కోసి గుమ్మం దగ్గర పెట్టిన ఆకు కట్టలు మడిలోకి విసిరేసి, రోజూ తెరిచే ఉంచే పెరటి తలుపు చప్పుడు కాకుండా మూసి, గడియ పెట్టింది.